నులక మంచం మీద వచ్చిన ఫ్రిజ్జు

2022 మే నెలాఖరున, రోహిణి కార్తె మొదలైన వారంలో, నన్ను కొద్దిరోజుల పాటు మిర్యాలగూడ పశువైద్యశాలకు అప్పగిస్తూ ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నేను సూర్యాపేటలో టీకా మందుల ఫ్రిజ్జులు చూసే విభాగంలో సీనియర్ టెక్నీషియన్ని. మా విభాగాన్ని అందరూ కోల్డ్ చైన్ అనేవారు. మందు తయారైన చోటు నుంచి పసిబిడ్డ తొడకు సూది పడేదాకా చల్లదనం ఎక్కడా తెగకుండా చూడడమే మా పని. పశువుల మందులతో మాకు ఏ సంబంధమూ లేదు. అందుకే ఆ ఉత్తర్వు చదివి ఆఫీసులో ఒకటే నవ్వులు. "ఇగ మేడం గొర్లకు గూడ సూదులేస్తదట" అని మా స్టోర్‌కీపర్ నా వెనకాల, నాకు వినబడేలాగే అన్నాడు. చల్లదనానికి మనిషి మందు, గొర్రె మందు అనే తేడా తెలియదని అతనికి అక్కడికక్కడే చెప్పాను. నా నోరు మంచిది కాదని ఆఫీసులో అందరికీ తెలుసు. పని మంచిదని కూడా తెలుసు కాబట్టి భరించేవారు.

ఉత్తర్వులో పని ఒక్కటే. కోదాడలో ఉన్న ఒక గ్యాస్ ఫ్రిజ్జును సురక్షితంగా తరలించి, మాడుగులపల్లి దగ్గర పొలాల్లో నిలబెట్టి, పనిచేయించి, అప్పగించాలి. ఫ్రిజ్జు ఉన్నది కోదాడలో. దాన్ని కొన్న గొర్రెల కాపర్ల సంఘం మోతెది. ఈ రెండూ సూర్యాపేట జిల్లా. గొర్రెలేమో ఎండాకాలం మేతకు మాడుగులపల్లి వైపు పోయి ఉన్నాయి, అది నల్లగొండ జిల్లా. ఏ జిల్లా మనిషి వెళ్లాలన్న దాని మీద కాగితాలు అటూ ఇటూ తిరిగి, పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి చివరికి నా మీదకు వచ్చాయి. కారణం ఉంది. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో పల్లె దవాఖానల్లో కిరోసిన్ ఫ్రిజ్జులు ఉండేవి. అడుగున దీపం వెలిగిస్తే లోపల చల్లబడేవి. గ్యాస్ ఫ్రిజ్జుదీ అదే పద్ధతి. వాటిని బాగుచేసిన వాళ్లలో ఇంకా ఉద్యోగంలో మిగిలింది నేనొక్కదాన్నే. ఐటీఐలో ఆ ట్రేడులో చేరిన ఆడపిల్లను కూడా నేనొక్కదాన్నే లెండి, అది వేరే కథ.

మంట పెడితే చల్లబడడమేమిటని చాలామంది అడుగుతారు. మన ఇళ్లలో ఫ్రిజ్జుకు వెనక కంప్రెసర్ ఉంటుంది, గుర్రుమని మోగుతుంది. దీనికి అది ఉండదు. వెనక మూసి వెల్డింగ్ చేసిన ఇనుప గొట్టాలు ఉంటాయి. వాటిలో అమోనియా కలిసిన నీళ్లు, కొంత హైడ్రోజన్ వాయువు. కింద చిన్న మంట పెడితే అమోనియా ఆవిరై పైకి పోతుంది, పైన చల్లారి ద్రవమై లోపలి గొట్టాల్లోకి జారుతుంది, అక్కడ మళ్లీ ఆవిరవుతూ ఫ్రిజ్జులోని వేడిని లాగేస్తుంది, ఆ తర్వాత నీళ్లలో కలిసి కిందికి వస్తుంది. తోసే యంత్రం ఏదీ లేదు. అంతా వాలును బట్టే, పొలంలో మడి నుంచి మడికి నీళ్లు పారినట్టు. ఆ వాలు చెడిందా, ఫ్రిజ్జు ఖతం. అందుకే ఇది నిలువుగా ప్రయాణించాలి, చదునైన చోట నిలబడాలి.

కరెంటు లేనిచోట గ్యాస్ సిలిండర్ మీద నడుస్తుంది కాబట్టి దీన్ని మోటార్‌హోముల్లో పెడతారు. మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ ఉండే ఇల్లులాంటి బండి అది. అలాంటి బండి ఒకటి ఎవరో విహారయాత్రల వ్యాపారానికి తెప్పించి, నడవక, కోదాడ హైవే పక్కన ఒక షెడ్డులో విప్పి సామాన్లు అమ్ముతున్నారు. ఆ సంగతి పట్టుకున్నది మోతె సైదమ్మ. అసలు ఈ కథ ఆమెది.

సైదమ్మ, ఆమె భర్త లింగయ్య తరతరాలుగా గొర్రెల మీద బతికే ఇంటివాళ్లు. ఏటా యాసంగి కోతలు కాగానే మందను తోలుకుని ఎడమ కాలువ కింద వరి పొలాలకు పోతారు. వరి కొయ్యల్లో గొర్రెలు మేస్తాయి, రాత్రిళ్లు పొలంలో మంద పెడితే ఆ ఎరువుకు రైతు సంతోషిస్తాడు. చిక్కంతా తొలకరితో వస్తుంది. తొలి వానకు మొలిచిన లేతగడ్డి ఆబగా మేసిన గొర్రెలకు చిటుక రోగం తగులుతుంది. పేరుకు తగ్గట్టే, చిటికెలో ప్రాణం పోతుంది. సాయంత్రం బాగున్న గొర్రె తెల్లారేసరికి లేవదు. దీనికి టీకా ఉంది. కానీ టీకా ఒంటికి పట్టడానికి సుమారు రెండు వారాలు కావాలి. అంటే మృగశిర వానలు రాకముందే వేసెయ్యాలి.

అంతకు ముందు ఏడాది వేశారు కూడా. మందు ఐసుపెట్టెలో పొలాలకు వచ్చింది. ఒక మంద ఇక్కడ, ఒక మంద అక్కడ. గొర్రెలు మేతకు పోకముందు తెల్లవారుజామునే దొరుకుతాయి, కాబట్టి రోజుకో మంద. రోళ్లు పగిలే ఎండలో ఐసు ఎప్పుడు కరిగిందో ఎవరూ చూడలేదు. వేడెక్కిన మందు నీళ్లతో సమానం. సైదమ్మ వాళ్ల మందలో సగానికి పైగా తొలి వానకే పోయాయి. "మందేసినా సచ్చినై, ఇగ మందెందుకు" అన్నారు మిగతా కాపర్లు. పశువైద్యుడి దగ్గర అసలు కారణం తెలుసుకుని, చల్లగా ఉంచితే మందు పనిచేస్తుందని అందరినీ ఒప్పించి, చందాలు వేయించి ఆ ఫ్రిజ్జు కొనిపించింది సైదమ్మే. ఈసారి కూడా పోతే మిగిలిన గొర్రెలు అమ్మేసి హైదరాబాదులో వాచ్‌మన్ పనికి పోతానని లింగయ్య తేల్చి చెప్పాడట. "నా మాట మీద అందరు పైసలిచ్చిండ్రు మేడం. తప్పితే నేను మావోళ్ల మొకం సూడలేను" అంది కోదాడ షెడ్డులో, ఫ్రిజ్జు మీద చెయ్యి వేసి. నాకూ భయం వేసింది, ఎందుకంటే మంట మీద నడిచే ఫ్రిజ్జును నేను ముట్టుకుని ముప్పై ఏళ్లయింది.

మంట బదులు కరెంటు వేడితోనూ ఇది నడుస్తుంది కాబట్టి, ముందురోజు నుంచే దాన్ని కరెంటు మీద నడిపించి ఉంచమని ఫోను చేశాను. నేను వెళ్లేసరికి లోపల బాగా చల్లగా ఉంది. వెనక గొట్టాలంతా టార్చి వేసి చూశాను. ఈ రకం ఫ్రిజ్జులో లీకు ఉంటే రెండు గుర్తులు, ముక్కులు మండించే అమోనియా ఘాటు, అతుకుల దగ్గర పసుపుపచ్చని పొడి. రెండూ లేవు. అప్పుడు ఆపించి, తలుపు తెరిచి, లోపలి మంచు కరిగేదాకా ఆగి, పాత గుడ్డతో పొడిగా తుడిచాం. తడి ఉంచి మూస్తే బూజు పడుతుంది. అరలు విడిగా తీసి కట్టాను. గ్యాస్ వచ్చే గొట్టం విప్పి మూతికి బిరడా పెట్టాను. తలుపు మధ్య మడత గుడ్డ పెట్టి నవారుతో చుట్టాను. తాడు అయితే ఒరుసుకుంటుంది. ఎత్తేటప్పుడు అడుగు పట్టుకోవాలి తప్ప వెనక గొట్టాలు పట్టుకోకూడదని షెడ్డువాళ్లకు రెండుసార్లు చెప్పాను. మూడోసారి అరిచాను.

బండి ట్రాలీ ఆటో. దాని డ్రైవరు వెంకటేశ్వర్లు, కోదాడ మనిషి, మాటకు ముందూ వెనకా అండీ. "మేడం గారూ, నిలబెడితే గాలి కొడతదండి. పడుకోబెట్టేద్దామండి, కింద గడ్డేసి. మా ఇంటి ఫ్రిజ్జు అట్లాగే తెచ్చానండి" అన్నాడు. ఇంటి ఫ్రిజ్జు పడుకుంటే కాసేపు ఆగి లేస్తుందని, ఇది పడుకుంటే అలుగుతుందని చెప్పాను. గొట్టాల్లో నీళ్లు చేరకూడని చోటికి చేరతాయి, ఆ స్థితిలో మంట పెడితే లోపల గడ్డలు కట్టి శాశ్వతంగా మూసుకుపోతుంది. అతనికి సగం అర్థమై సగం కాకపోయినా తల ఊపి, గొట్టాలకు దెబ్బ తగలకుండా గోనెసంచుల్లో గడ్డి కుక్కి వెనక పెట్టి, క్యాబిన్‌కు ఆనించి నాలుగు వైపులా బిగించాడు. సైదమ్మ వద్దన్నా వినకుండా కొంగు తలకు చుట్టుకుని ట్రాలీలోనే కూర్చుంది.

కోదాడ నుంచి చిలుకూరు, హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ చేరాం. దారిలో ఎక్కడ ఆగినా దిగి కట్లు చూశాను. స్పీడు బ్రేకరు వచ్చిన ప్రతిసారీ వెంకటేశ్వర్లు "పాపాయిని తీసుకెళ్తున్నట్టుందండి" అంటూ బండిని పాకించాడు. మిర్యాలగూడలో పశువైద్యుడు మా కోసం ఎదురుచూస్తున్నాడు. మనిషి మెత్తన, మాట కరకు. మందు తన దగ్గర సిద్ధంగా ఉందని, ఎల్లుండి పొద్దున వచ్చి పొలంలోనే థర్మామీటరు చూస్తానని, రెండు డిగ్రీల నుంచి ఎనిమిది డిగ్రీల లోపల లేకపోతే ఆ మందును వేరే మండలానికి పంపక తప్పదని చెప్పాడు. పోయిన ఏడాది జరిగింది మళ్లీ జరగనివ్వనన్నాడు. ఆయన్ను తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని.

మాడుగులపల్లి దాటాక కాలువ కట్ట మీద కొంత దూరం పోయాక బండికి దారి అయిపోయింది. అక్కడి నుంచి మంద ఉన్న చోటికి పొలాల గట్లే దారి. లింగయ్య, అతని అన్నదమ్ములు ముగ్గురూ వచ్చి నిలబడి ఉన్నారు. ఫ్రిజ్జు పెట్టే చోటు ముందు చూసుకోవాలి కాబట్టి నేను సైదమ్మతో కలిసి నడిచాను. అడుగు పట్టుకుని జాగ్రత్తగా దించమని వెనక్కి తిరిగి చెప్పాను, అంతే.

చోటు చూడగానే నాకు మొదటి చిక్కు ఎదురైంది. కాపర్లు మంద పెట్టేటప్పుడు వాలు చూసి పెడతారు. వానొచ్చినా, గొర్రెల ఉచ్చ అయినా నిలవకుండా జారిపోవాలి, లేకపోతే గిట్టలు చెడతాయి. వాళ్లు ఫ్రిజ్జుకు ఎంచి పెట్టిన చోటు కూడా మంద పక్కనే, మంచి వాలు మీద, ముచ్చటగా తాటి మట్టల పందిరి వేసి. నేను సంచిలోంచి చదును చూసే రసమట్టం తీసి నేల మీద పెడితే బుడగ ఒక మూలకు పోయి కూర్చుంది. దీన్ని తవ్వి చదును చేయాలని సైదమ్మకు చెబుతూ ఉన్నాను. గట్టు వైపు చూశాను.

నలుగురూ నులక మంచం మోసుకొస్తున్నారు. మంచం మీద ఫ్రిజ్జు, వెల్లకిలా, గొట్టాల మీదే పడుకుని ఉంది. ఎండ తగలకుండా దాని మీద తడిపిన గొంగడి కప్పారు. కదలకుండా నడుముకు తువ్వాల కట్టారు. రోగిని దవాఖానకు తీసుకుపోయినట్టు, మెల్లగా, అడుగులో అడుగు వేస్తూ వస్తున్నారు. వాళ్ల వెనక వెంకటేశ్వర్లు రెండు చేతులూ ఊపుతూ పరుగెత్తుకొస్తున్నాడు. "నే చెప్పానండీ మేడం గారూ, వినలేదండీ!"

నేను ఏమేం అన్నానో ఇక్కడ రాయను. "ఎవడు పండవెట్టమన్నడయ్యా దీన్ని?" అన్నది మాత్రం అందులో మర్యాదైన మాట. లింగయ్య మంచం దించి, ఏమీ అర్థం కాక నా మొహం చూశాడు. "గట్టు మీద నిలవెడితే పడ్తది గద మేడం. కాలిరిగిన గొర్రెను గిట్లనే తెస్తం. దెబ్బ తగలొద్దనే మంచమేసినం" అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. ఆ నలుగురూ దాన్ని నాకంటే ముద్దుగా తెచ్చారు. ఇంకా తిట్టడానికి నోరు తెరిచి, ఆ తడి గొంగడి చూసి మూసుకున్నాను. కోదాడలో అందరికీ చెప్పినదాన్ని వీళ్లకు చెప్పలేదన్నది అప్పుడు తట్టింది.

వెంటనే నిలబెట్టించాను. అన్నదమ్ములు గడ్డపారలతో నేల చదును చేసి, ఇటుకలు పరిచి మట్టి కూరారు. రసమట్టంలో బుడగ రెండు వైపులా నడిమధ్యకు వచ్చేదాకా వదల్లేదు. "మందకు వాలు గావాలె, పెట్టెకు సాపు గావాలె. ఇద్దరికి పడేటట్టు లేదు" అని లింగయ్య గొణిగాడు. అప్పటికి పొద్దు వాలలేదు. అప్పుడే మంట పెడితే రేపటికల్లా చల్లబడేది. ఒకరోజు చేతిలో ఉండేది. కానీ పడుకుని వచ్చిన ఫ్రిజ్జును కుదుటపడనివ్వకుండా వెలిగించడమంత తెలివితక్కువ పని లేదు. తెల్లారేదాకా ముట్టించనని చెప్పాను.

అక్కడ మొదలైంది గొడవ. లింగయ్య పెద్దన్న గట్టిగానే అన్నాడు. "మందు ఎల్లుండి రాకుంటే వాపస్ పోతదంటున్నరు. గీమె ఏమో రేపటిదాక ఆగాలెనంటది. ఏంది మేడం గిది, పరేషాన్ జేస్తున్రు?" నాకూ కోపం వచ్చింది. పొలాల్లో నిలబడి ఫ్రిజ్జు గురించి పోట్లాడుతున్న ముసలిదాన్ని ఊహించుకోండి. సైదమ్మ మధ్యలోకి వచ్చింది. "జర ఆగు బావా" అని అతన్ని ఆపి, నన్ను అడిగింది. "మేడం, గిప్పుడు ముట్టిస్తే కరాబైతదా, కాదా? గదొక్కటి సెప్పున్రి." కావచ్చు, కాకపోవచ్చు, అయితే మాత్రం మళ్లీ బాగుకాదని ఉన్నదున్నట్టు చెప్పాను. "ఓర్చినమ్మకు తేటనీళ్లంటరు. పొద్దుగాలనే ముట్టిద్దాం" అంది సైదమ్మ. పెద్దన్న మూతి తిప్పుకుని మంద వైపు పోయాడు.

మర్నాడు తెల్లవారగానే మిర్యాలగూడ నుంచి వచ్చి సిలిండర్ తగిలించాను. అతుకులకు సబ్బు నురగ రాసి గ్యాస్ లీకు లేదని చూసి, వెలిగించాను. చిన్న నీలి మంట. వెనక పొగగొట్టం వేడెక్కింది. నా ప్రాణం కొంచెం కుదుటపడింది. ఈ ఫ్రిజ్జు నిదానంగా చల్లబడుతుంది, ఎండలో మరీ నిదానం. అయినా మధ్యాహ్నానికి పై అరలో చల్లదనం చేతికి తెలియాలి. తెలియలేదు. థర్మామీటరు పందిరి కింద ఎంత చూపిస్తుందో లోపలా దాదాపు అంతే చూపిస్తోంది. కింద వేడి, పైన వేడి. కాపర్లు చుట్టూ చేరారు.

ముందు మంట ఆర్పాను. లీకు ఉందేమో చూడాలి. వంగి వాసన చూద్దును కదా, అంతా అమోనియా ఘాటే! తర్వాత బుర్ర పనిచేసింది. పక్కనే వందల గొర్రెలు రాత్రంతా పడుకున్న మంద. గొర్రెల ఉచ్చ వాసన, అమోనియా వాసన అన్నదమ్ములు. ఇన్నేళ్లు నమ్ముకున్న నా ముక్కు ఆ పొలంలో ఎందుకూ పనికిరాలేదు. "గీ వాసన మాకు తెల్వదు మేడం, మేం గిండ్లనే పుట్టినం" అని లింగయ్య అంటే ఆ పరిస్థితిలోనూ నవ్వొచ్చింది. ఇక కళ్లే దిక్కు. తెల్ల గుడ్డతో ఒక్కో అతుకూ తుడిచి వెలుగులో చూశాను. పసుపు మరక ఎక్కడా లేదు. లీకు లేదు. మరి చల్లబడదెందుకు?

లోపల వాయువు చేరకూడని చోట చేరి దారి ఆపేసి ఉండాలి. దీనికి కిరోసిన్ ఫ్రిజ్జుల కాలంలో మేం చేసిన వైద్యం ఒకటి ఉంది. ఏ పుస్తకంలోనూ చదవలేదు, చేతి నుంచి చేతికి వచ్చింది. ఫ్రిజ్జును తలకిందులుగా నిలబెట్టడం. నీళ్లు, అమోనియా, వాయువు అన్నీ ఒకసారి కలగాపులగమై, మళ్లీ నిలబెట్టినప్పుడు ఎక్కడివక్కడికి చేరుకుంటాయి. పనిచేయవచ్చు, చేయకపోవచ్చు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు కావచ్చు కూడా.

సైదమ్మను పక్కకు పిలిచి అదే చెప్పాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "నిన్న పండవెడితే మావోళ్లను బూతులు దిట్టితిరి. ఇయ్యాల తలకిందులు జేస్తనంటున్రా?" అంది. దూరం నుంచి పెద్దన్న విననే విన్నాడు. "మంచిగనే ఉంది. మేం పండవెడితే తప్పు, మేడం బోర్లిస్తే వైద్యం!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చివరికి సైదమ్మే అంది. "సేయున్రి మేడం. చల్లగ లేని పెట్టె నిలవడ్డా ఒకటే, తలకిందులున్నా ఒకటే."

గొట్టాలు పూర్తిగా చల్లారేదాకా ఆగి, గ్యాస్ విప్పి, గడ్డి పరిచి, దాని మీద గొంగళ్లు మడిచి వేశాం. నలుగురూ అడుగు పట్టుకుని, నేను చెప్పినట్టు మెల్లగా తిప్పారు. ఈసారి ఎందుకు తిప్పుతున్నామో, ఏ గొట్టంలో ఏముందో పుల్లతో నేల మీద గీసి మరీ చెప్పాను. ఫ్రిజ్జు తల మీద నిలబడింది. లింగయ్య గొట్టాలకు చెవి ఆనించి విన్నాడు. "మేడం, మోగుతుంది! గొర్రె కడుపుల మోగినట్టు బుడబుడ మంటుంది!" నేనూ విన్నాను. ఎంత కాలానికి విన్నానో ఆ చప్పుడు! ఎండ వాలేదాకా అలాగే ఉంచి, చప్పుడు ఆగాక నిలువుగా తిప్పి, రసమట్టంతో మళ్లీ చూసుకుని, ఊరికే వదిలేశాం. తెల్లారితే డాక్టరు వస్తాడు, ఈసారి రాత్రంతా ఆగే వ్యవధి లేదు కాబట్టి పొద్దుగూకేముందు వెలిగించాను. వేడిగాలి తగిలే వైపు తడి గోనెలు కట్టించాను, వెనక గొట్టాలకు మాత్రం గాలి ఆడేలా వదిలి. తలుపు పొద్దున్నదాకా ఎవరూ తెరవకూడదని చెప్పి మిర్యాలగూడ పోయాను. ఆ రాత్రి నాకు నిద్ర లేదని వేరే చెప్పక్కరలేదు.

పొద్దున నేను, పశువైద్యుడు ఒకే జీపులో వచ్చాం. ఆయన ఐసుపెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, దాన్ని దించుతాడో వెనక్కి తీసుకుపోతాడో నాకు తెలియదు. గట్టు మీద నుంచే చూశాను. సైదమ్మ ఫ్రిజ్జు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు. దగ్గరికి వెళ్లాక, "తెరవలేదు మేడం. మా బావను గూడ తెరవనియ్యలే. మీరే తెరవున్రి" అంది. నేను డాక్టరుకు సైగ చేశాను. ఆయన తలుపు తీసి థర్మామీటరు బయటికి లాగి, కళ్లద్దాలు పైకి నెట్టి చూశాడు. ఐదు డిగ్రీలు.

"పెట్టండి" అన్నాడు. అంతే. ఐసుపెట్టె మూత తెరిచాడు.

నేను ఏడ్వలేదని చెబితే అబద్ధమవుతుంది. సైదమ్మ మాత్రం ఏడ్వలేదు, గబగబా చేతులు కడుక్కుని వచ్చి సీసాలు అందుకుంది. పెద్దన్న దూరంగా నిలబడి, "తలకిందులు జేస్తే అయ్యింది సూడు" అని ఎవరితోనో అంటున్నాడు, తనే చేసినట్టు. డాక్టరు మధ్యాహ్నందాకా ఉండి ఎండ ముదిరాక మరోసారి చూశాడు. కొద్దిగా పెరిగింది, గీత దాటలేదు. ఆ వారమంతా రోజుకో మంద చొప్పున తెల్లవారుజామునే టీకాలు వేశారు. నేను అప్పగింత కాగితం మీద సంతకం తీసుకుని సూర్యాపేటకు వచ్చేశాను.

మృగశిర ప్రవేశించిన కొన్నాళ్లకు తొలి వాన గట్టిగానే పడింది. మా ఆఫీసు కిటికీలోంచి ఆ వాన చూస్తుంటే నాకు సంతోషం కలగలేదు, గొర్రెలే కళ్ల ముందు మెదిలాయి. కొద్దిరోజుల తర్వాత ఒక పొద్దున, ఇంకా చీకటి విడవకముందే ఫోను మోగింది. అవతల సైదమ్మ. వెనక గొర్రెల అరుపులకు ఆమె మాట సరిగా వినబడలేదు, రెండోసారి గట్టిగా చెప్పింది.

"మేడం, నిన్న లేతగడ్డి మేసి పండుకున్నయి. ఇయ్యాల పొద్దుగాల అన్నీ లేసినయి."

ఆ తర్వాత నా ఉద్యోగం ఇంకో ఏడాదే ఉంది. ఆ ఏడాదిలో ఏ ఫ్రిజ్జు ఎక్కడికి పంపినా, దాన్ని ఆఖరున మోసేవాళ్లు ఎవరో ముందు కనుక్కుని, వాళ్లను పిలిపించి, నిలబెట్టి మోయమని కాకుండా ఎందుకు నిలబెట్టాలో చెప్పాను. ఆ ఫ్రిజ్జు నిర్లక్ష్యం వల్ల పడుకోలేదు. కారణం తెలియని మనిషి తనకు తెలిసిన జాగ్రత్త తాను తీసుకుంటాడు. లింగయ్య కూడా అదే చేశాడు.